నల్లటోపీ చిన్నమామ

అత్‌బాషీ,
2008 మార్చి 12

గారాలపట్టీ,

నువ్వూ, నీ మోకాళ్ళూ, నీ కిటికీలో పూలకుండీలూ కులాసానా? ఇక్కడ నేనూ, ఆవూ, నాలుగు గొర్రెలూ, కుంటికుక్కా ఎలాగో చలికాలం గట్టెక్కాం. ఆవు మొన్న ఈనింది. పెయ్యదూడ. పుట్టిన గంటకే లేచి గోడను పొడిచింది. అచ్చం మీ పుట్టింటి పొగరు.

డ్రైవర్ ఎసెన్ చేత ఎండుపెరుగు ఉండలు పంపుతున్నాను. వాడు దారి పొడుగునా నములుతాడని సంచీ మూతి ఎర్రదారంతో కుట్టాను. కుట్టు విప్పి ఉంటే నాకు రాయి, వాడి చెవి మెలిపెడతాను. ఉత్తరాలు కూడా విప్పి చదువుతాడని ఊళ్ళో అంటున్నారు. ఒరే ఎసెన్, చదువుతుంటే సిగ్గుపడు.

మనవరాలు మాస్కో వెళ్ళేముందు నాకొక ఈమెయిల్ పెట్టించిపోయింది, గుర్తుందా? పోస్టాఫీసు పక్కగదిలో కంప్యూటరు పెట్టారు. అయ్‌పెరి అని ఓ పిల్ల ఉంటుంది. మనవరాలు రాసింది చదివి వినిపిస్తుంది, నేను చెప్పింది కొట్టి పంపుతుంది. వారానికోసారి వెళ్తున్నాను. ఊళ్ళో అందరికీ గొప్పగా ఉంది, సైరాకాన్ ముసలిది కంప్యూటరు నేర్చిందని.

అందులోనే ఒక సంగతి వచ్చింది. చెప్పకూడదు. ఎవరికీ చెప్పొద్దని వాళ్ళు మరీమరీ రాశారు. కాని కడుపు ఉబ్బిపోతోంది. మంచి సంగతే, అది మాత్రం నమ్ము. నాకు రెండు విషయాలు కావాలి. మీ నాన్నగారి తమ్ముడు, అదే మన నల్లటోపీ చిన్నమామ, ఏ సంవత్సరంలో పుట్టాడు? కనుమ మీద తప్పిపోయినప్పుడు ఎన్నేళ్ళు? మీ అన్న ఉంటే ఆయన్నే అడిగేదాన్ని. మూడేళ్ళయింది కదా ఆయన వెళ్ళిపోయి, ఇంకా ఏదో ఒకటి అడగబోయి నోరు మూసుకుంటూనే ఉన్నాను.

గుడారం కర్రలు పాకలోంచి తీసి ఎండలో పెట్టాను. ఎందుకో తర్వాత చెబుతాను.

నీ వదిన,
సైరాకాన్


టోక్మోక్,
2008 మార్చి 19

వదినకు సలాములు.

సంచీ వచ్చింది. కుట్టు ఎర్రదారంతోనే ఉంది గాని, నువ్వు వేసిన ముడి కాదు. ఎసెన్ చెవి నీ ఇష్టం.

చెప్పకూడని మంచి సంగతా? అరవై ఆరేళ్ళకు మళ్ళీ పెళ్ళా వదినా? పెళ్ళికొడుక్కి పళ్ళున్నాయా? గుడారం ఎండబెడుతున్నావంటే నాకు అనుమానం గట్టిపడుతోంది. ఆడపడుచు కట్నం లేకుండా ఆ గుడారం గడప దాటనివ్వను, ముందే చెబుతున్నాను.

బాబాయి సంగతి అడిగావు. గొర్రె సంవత్సరంలో పుట్టాడు. తప్పిపోయినప్పుడు తొమ్మిదేళ్ళు. నాన్నకి పద్నాలుగు. జారు చక్రవర్తి సైనికులకు జడిసి జనమంతా బెదెల్ కనుమ దాటి చైనా వైపు పరుగెత్తిన ఏడాది. ఈ కథ నీకూ తెలుసు, నాకన్నా ఎక్కువసార్లు నువ్వే విన్నావు. మా నాన్న చెబుతుంటే టీ పోసేది నువ్వే కదా. అయినా రాస్తాను, నాకే రాయాలని ఉంది.

నాన్న తమ్ముడి చెయ్యి పట్టుకుని నడుస్తున్నాడు. మంచు మోకాళ్ళ దాకా ఉంది. నానమ్మ గుర్రం కాలుజారి పడింది. ఆమెను లేపడానికి నాన్న చెయ్యి వదిలాడు. వెనక్కి తిరిగి చూస్తే తమ్ముడు లేడు. వాడి నెత్తిన తాతయ్య గొర్రెపిల్ల చర్మం టోపీ ఉంది, నల్లది, కనుబొమల మీదికి జారేంత పెద్దది. "అంత మంచులో నల్లటోపీ కనపడకుండా ఎక్కడికి పోతుందని చూశాను, చూశాను" అనేవాడు నాన్న. అక్కడితో కథ ఆపేసేవాడు. ప్రతి నవ్‌రూజ్ పండక్కీ ఒక గిన్నె జావ ఎక్కువ పెట్టించేవాడు. "వాడు అవతలి వైపు బతికే ఉన్నాడు, తిండివేళకి వస్తాడు" అనేవాడు. గిన్నె చల్లారిపోయాక అది నాకిచ్చేవాడు. నేను తాగేదాన్ని. చిన్నప్పుడు అదో గొప్ప నాకు. 

పోయేముందు నాన్న అడిగింది కూడా ఒక్కటే. "వాడి సమాధి ఎక్కడుందో తెలిస్తే గుప్పెడు మట్టి తెచ్చి నా పక్కన పొయ్యండి." అది నీకూ తెలుసు.

ఎందుకడిగావో దాచకుండా రాయి. ఆప్రికాట్ పండ్ల మురబ్బా రెండు సీసాలు పంపుతున్నాను. ఎసెన్ సీసా కుట్టలేడు కదా.

నీ జరీపా


అత్‌బాషీ,
2008 మార్చి 28

నా గారాలపట్టీ,

కూర్చునే చదువు. నిలబడి చదవకు.

చిన్నమామ దొరికాడు!

అంటే ఆయన లేడు, ఆయన కొడుకూ పోయాడు. టర్కీ దేశంలో. యూసుఫ్ అని పెద్ద వ్యాపారి అట. రోడ్డు ప్రమాదంలో పోయాడు, వెనకా ముందూ ఎవరూ లేరు. బ్యాంకులో ఇరవై ఏడు లక్షల డాలర్లు. మన దేశపు వంశమని తెలిసి, వారసుల కోసం వెతుకుతున్నానని హారున్ అని ఒక లాయరు మొదట రాశాడు. నేను మొదట నమ్మలేదు సుమా. నీ వదిన అంత తేలిగ్గా నమ్మే మనిషి కాదు. "మా ఇంట్లోనూ ఒకాయన కనుమ మీద తప్పిపోయాడు బాబూ, మీరనేది ఆయనేనా?" అని జరిగిందంతా అయ్‌పెరి చేత కొట్టించాను. మంచూ, గుర్రం పడటం, అన్న చెయ్యి వదలటం, అంతా. నాలుగు రోజులకి జవాబు వచ్చింది. అవునట! యూసుఫ్ తండ్రి చిన్నప్పుడు మంచుకొండల మీద అన్న చెయ్యి విడిపోయి తప్పిపోయాడట. ఆ సంగతి కొడుక్కి చెప్పి చెప్పి ఏడ్చేవాడట.

అది విని పోస్టాఫీసులోనే ఏడ్చేశాను. అయ్‌పెరి నీళ్ళు తెచ్చింది.

డబ్బు సంగతి పక్కన పెట్టు. నాకెందుకు డబ్బు, ఆవుకి వెండిగంట కట్టనా? సమాధి ఉందట, గారాలపట్టీ! తండ్రీకొడుకులవి పక్కపక్కనే. కాగితాలు పూర్తయితే వారసులుగా మనల్ని పిలిపించి సమాధి చూపిస్తారట. గుప్పెడు మట్టి తెచ్చుకోవచ్చు. మామగారి ఋణం తీరుతుంది. మీ అన్న చివరి నెలలో నా చెయ్యి పట్టుకుని అడిగిందీ అదే, నాన్న మాట నాతో ఆగిపోతోంది, చూడు అని. నేను చూస్తానన్నాను. ఏం చూస్తానో తెలియకుండానే అన్నాను. ఇప్పుడు ఆ మాట తనంతట తనే నడిచి వచ్చింది.

కాగితాల మీద ముద్రలకి తొమ్మిది వందల డాలర్లు ముందు కట్టాలి. అందుకే గుడారం అమ్ముతున్నాను. తాష్‌రబాత్‌లో టూరిస్టుల కోసం గుడారాలు వేసే బెయ్‌షెన్ ఏప్రిల్ 19న లారీతో వస్తాడు. చేత్తో చేసిన పాత గుడారమని మంచి ధరే చెప్పాడు. కట్టి మూడేళ్ళయింది, ఎవరికోసం దాస్తాను?

ఎవరికీ చెప్పొద్దని లాయరు మళ్ళీ రాశాడు. నువ్వు ఎవరివో కాదు కదా.

నీ వదిన


టోక్మోక్,
2008 ఏప్రిల్ 2

వదినా,

అమ్మొద్దు. ముందు ఆ మాట, తర్వాత మిగతావి. మా అమ్మ గుడారం అమ్మొద్దు. వాడికి ఒక్క సొమ్ కూడా పంపొద్దు.

ముప్పై ఒక్క ఏళ్ళు తంతి ఆఫీసు కౌంటరు వెనక కూర్చున్నదాన్ని. డబ్బు ఎలా వస్తుందో, ఎలా పోతుందో చూసినదాన్ని. మనకి నిజంగా డబ్బు ఇవ్వాలనుకున్నవాడు మన దగ్గర ముందు డబ్బు అడగడు. నాకున్న జ్ఞానమంతా ఆ ఒక్క ముక్కే. ఇరవై ఏడు లక్షలు చేతిలో ఉన్నవాడికి తొమ్మిది వందలు ఎందుకు? అందులోంచే పట్టుకోవచ్చుగా? ఎవరికీ చెప్పొద్దని ఎందుకంటాడు? చెబితే ఎవరో ఒకరు వద్దంటారని. త్వరగా త్వరగా అని ఎందుకంటాడు? ఆలోచిస్తే నీకే తెలిసిపోతుందని.

సగిన్‌బెక్ మాస్టారు నీకు తెలియదు. మా వీధిలోనే ఉండేవాడు, లెక్కలు చెప్పేవాడు. కంప్యూటర్లు రాకముందే, తొంభై నాలుగులో, ఆయనకి ఇలాంటిదే కాగితం ఉత్తరం వచ్చింది. ఎవరో సేనాధిపతి సొమ్మట. మాస్టారు ముద్రలకని ఒకసారి, పన్నుకని ఒకసారి, మూడోసారి దేనికో నాకే తెలియదు, నా కౌంటర్లోంచే పంపాడు. పాడి ఆవును అమ్మి పంపాడు. ఫారం మీద ముద్ర వేసింది నేనే. నోరు విప్పి వద్దని చెప్పలేదు, నా పని కాదనుకున్నాను. తర్వాత రెండేళ్ళు రోజూ పదింటికి వచ్చేవాడు. "నాకేమైనా వచ్చిందా, జరీపా?" అనేవాడు. "లేదు మాస్టారూ." "అయితే రేపు." టోపీ సర్దుకుని వెళ్ళిపోయేవాడు. ఆయన పోయాక కూడా పదింటికి తలుపు వైపు చూసేదాన్ని.

ఈసారి నోరు మూసుకోను. నీకు డబ్బు ఇబ్బందిగా ఉంటే నాకు చెప్పాలి గాని ఊరూ పేరూ లేనివాళ్ళని అడగటమేమిటి? ఉత్తరంలో రెండు వేల సొమ్‌లు పెట్టాను, వాడుకో.

జరీపా


అత్‌బాషీ,
2008 ఏప్రిల్ 9

జనాబ్ తంతి ఆఫీసర్ గారికి,

మీ రెండు వేలు ఇదే కవరులో వాపసు. లెక్క చూసుకోండి. నాకు ఇబ్బంది అని ఎవరన్నారు? ఆవు పాలిస్తోంది, పింఛను వస్తోంది, కుక్క మొరుగుతోంది.

"మా అమ్మ గుడారం." చదివి చదివి కాగితం నలిగిపోయింది. నేను ఈ ఇంటికి వచ్చి నలభై ఏడేళ్ళు. ఆ గుడారం పైకప్పు చక్రాన్ని నలభై వేసవులు గుర్రం మీద నా ఒళ్ళో పెట్టుకుని పచ్చికమెట్టకి మోశాను. ఉన్ని తొక్కింది నేను, చీకిపోయిన చోట కుట్టింది నేను, మీ అమ్మని అందులో కడిగి సాగనంపింది నేను. నువ్వు పంతొమ్మిదేళ్ళకి పట్నం పోయావు. ఇవాళ తిన్నింటి వాసాలు నేను లెక్కపెడుతున్నానన్నట్టు రాశావు! నలభై ఏడేళ్ళ తర్వాత కూడా నేను పరాయిదాన్నేనా? నిన్నగాక మొన్న వచ్చిన కోడలినా?

లేక, అడగక తప్పదు, వారసుల కాగితంలో నా పేరుందని కోపమా? నీ పేరు కూడా రాయించాలనే అనుకున్నాను. ఇప్పటికీ రాయిస్తాను. నేను నీలా కాదు.

నన్ను పిచ్చిదాన్నన్నావు కదా, అనలేదనకు, వాక్యాల మధ్య ఉంది. లాయరు రాసినవన్నీ అయ్‌పెరి చేత కాగితం మీద తీయించి పంపుతున్నాను. నువ్వే చదువుకో. ఆ మంచు సంగతీ, అన్నదమ్ముల సంగతీ చదివాక కూడా నీ గుండె కదలకపోతే, ముప్పై ఏళ్ళు ముద్రలు కొట్టీ కొట్టీ అది కూడా రబ్బరైపోయిందనుకుంటాను.

19న లారీ వస్తుంది.

సైరాకాన్

మురబ్బా బాగుంది. ఆ మాట చెప్పకపోతే పాపం.


టోక్మోక్,
2008 ఏప్రిల్ 13

వదినా, నా బంగారు వదినా,

ముందు క్షమించు. "మా అమ్మ గుడారం" అని చేతికి వచ్చింది రాసేశాను. అది నీ గుడారం. మా అమ్మే ఆ మాట అనేది, గడప కూతుళ్ళది కాదు, కోడళ్ళది అని. డబ్బు పంపడం కూడా తప్పే. నీ వాపసు అందింది, చెంపదెబ్బ కూడా అందింది.

నువ్వు పంపిన కాగితాలు చదివాను. నాలుగుసార్లు చదివాను. ఇప్పుడు నేను అడిగేదానికి నువ్వే జవాబు చెప్పు. నేనేమీ అనను.

చనిపోయినవాడి పేరు లాయరు ఏమని రాశాడు? అద్దాలు తుడుచుకుని మళ్ళీ చూడు. "యూసుఫ్ నల్లటోపీ." తండ్రి పేరు దగ్గర ఏముంది? "నల్లటోపీ." ముద్ర వేసిన కాగితం మీద కూడా అదే.

వదినా, నల్లటోపీ ఎవరి పేరు?

అరవై ఒకటో సంవత్సరం వేసవి గుర్తు తెచ్చుకో. నువ్వు కొత్తకోడలివి, పంతొమ్మిదేళ్ళు. నాకు పద్నాలుగు. పచ్చికమెట్ట మీద ఉన్ని పరిచి, వేడినీళ్ళు చల్లి, చాపలో చుట్టి తొక్కుతున్నాం. నువ్వు కోడలివి కాబట్టి మా ఇంటివాళ్ళ పేర్లేవీ నోటితో అనకూడదు. మా నాన్నకి కంచుగొంతు మామ అని పెట్టావు. నాకు గారాలపట్టి అని పెట్టావు. నాన్న వచ్చి ఆ రోజు తమ్ముడి కథ చెప్పాడు. నువ్వు ఏడుస్తూ, "మరి ఆ... ఆ... నల్లటోపీ చిన్నమామ మళ్ళీ కనపడనే లేదా అత్తయ్యా?" అన్నావు. అనుకోకుండా నీ నోట వచ్చింది. అమ్మ నవ్వి, "మా కోడలు చూడనివాడికి కూడా పేరు పెట్టిందే!" అంది. నాన్న కూడా నవ్వాడు. తమ్ముడి కథ చెప్పి నాన్న నవ్వడం ఆ ఒక్కసారే చూశాను. ఎండ, తడి ఉన్ని వాసన, నీ కాళ్ళకి పట్టిన నురగ, అన్నీ ఇప్పుడు కూడా నా కళ్ళముందే ఉన్నాయి.

ఈ లోకంలో అతన్ని నల్లటోపీ అనే మనిషివి నువ్వొక్కదానివే. బాబాయి తప్పిపోయింది పంతొమ్మిది వందల పదహారులో. నువ్వు ఆ పేరు పెట్టింది అరవై ఒకటిలో. నలభై ఐదేళ్ళ తర్వాత ఒక కోడలు వచ్చి తనకి ఏం పేరు పెడుతుందో ఆ పిల్లాడికి టర్కీలో ఎలా తెలుస్తుంది? కొడుక్కి ఇంటిపేరుగా ఎలా పెడతాడు?

నువ్వే రాశావు వాళ్ళకి. కంప్యూటర్లో కూడా మామల పేరు అనకూడదని "మా నల్లటోపీ చిన్నమామ" అని రాయించి ఉంటావు. వాడు నువ్వు ఇచ్చిన గిన్నెలోనే నీకు పోసి ఇచ్చాడు. మంచు నీదే, గుర్రం నీదే, చెయ్యి వదలడం నీదే. వాడిదంటూ ఉన్నది తొమ్మిది వందలు ఒక్కటే.

నా మాట మీద నమ్మొద్దు. వాణ్ణి ఒకటి అడుగు: "అతనికి తల్లి పెట్టిన పేరేమిటి?" నిజమైన చుట్టమైతే ఒక్క ముక్కలో చెబుతాడు. ఆ పేరు నీకు తెలుసు, నాకు తెలుసు. మూడో మనిషికి తెలియదు. ఈ ఉత్తరంలో నేను రాయను. ఎసెన్ చదువుతాడు, ఊరంతా చదువుతుంది, రేపు ఆ దొంగ కూడా చదువుతాడు. అది మన దగ్గరే ఉండనీ.

సమాధి లేదని చెప్పడానికి నా చెయ్యి రాలేదు, వదినా. రెండు రోజులు ఉత్తరం ముందు పెట్టుకు కూర్చున్నాను. నేను కూడా ఒక పూట నమ్మాను, నీ మీద ఒట్టు. నీ మొదటి కాగితం చదవగానే మట్టి దేంట్లో తెద్దామా అని సంచీ వెతికాను.

ఎసెన్‌కి ఇది 18 లోగా నీ చేతికి ఇవ్వమని చెప్పాను. ఇవ్వకపోతే రెండో చెవి నాది.

నీ గారాలపట్టి


అత్‌బాషీ,
2008 మే 11

గారాలపట్టీ,

ఇన్నాళ్ళూ రాయలేదు. అలిగి కాదు. సిగ్గుతో. తర్వాత పని ఎక్కువై.

నీ ఉత్తరం 18న రాలేదు. దోలోన్ కనుమ మీద మంచు పడి దారి మూసేశారు, ఎసెన్ రెండు రోజులు అక్కడే ఇరుక్కున్నాడు. 19న పొద్దున బెయ్‌షెన్ లారీ వచ్చింది. బయానా డబ్బు నా చేతిలో పెట్టాడు. కుర్రాళ్ళు కర్రలు ఎక్కించారు, ఉన్ని చుట్టలు ఎక్కించారు. పైకప్పు చక్రం మాత్రం నేనే ఎత్తిస్తానని పట్టుకుని నిలబడ్డాను. చేతులు వదలడం లేదు. బెయ్‌షెన్, "అక్కా, అమ్ముతున్నావా, పెళ్ళికూతుర్ని సాగనంపుతున్నావా?" అన్నాడు. అప్పుడే ఎసెన్ కారు వచ్చింది, మట్టి కొట్టుకుని. వాడు దిగుతూనే అరిచాడు, "పిన్నీ, లారీ ఆపు! ముందు ఇది చదువు!" అని. చూశావా, వాడు చదివేశాడు. మొదటిసారి వాడి చదువుకి దీవెన పెట్టాను.

నిలబడే చదివాను.  ఎంత మొద్దునే నేను! నలభై ఏడేళ్ళు ఆ మాటే అనీ అనీ, నా చెవికి అదే ఆయన పేరు. లాయరు కాగితంలో నల్లటోపీ అని చూసినప్పుడు, ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి అని ఏడ్చాను. నేను పెట్టిన పేరు చూసి నేనే సాక్ష్యమనుకున్నాను.

అయినా ఆశ చావదు కదా. బెయ్‌షెన్‌ని ఆగమన్నాను. గొణుక్కుంటూ లారీ అక్కడే పెట్టాడు. పోస్టాఫీసుకి వెళ్ళి అయ్‌పెరి చేత నీ ప్రశ్న కొట్టించాను. రెండు రోజుల తర్వాత జవాబు వచ్చింది. "అమ్మా, ఇంత ముఖ్యమైన సమయంలో చిన్న చిన్న వివరాలు అడిగి ఆలస్యం చెయ్యకండి. శుక్రవారంలోగా కట్టకపోతే సొమ్ము ప్రభుత్వానికి పోతుంది" అని. అయ్‌పెరి చదివి నా ముఖంలోకి చూసింది. నేను, "ఇంకోసారి అడుగమ్మా" అన్నాను. మళ్ళీ వచ్చింది: "ఆయన పూర్తి పేరు మహమ్మద్ నల్లటోపీ." అయ్‌పెరికి నవ్వు ఆగలేదు. నాకూ ఆగలేదు. ఇద్దరం టేబులు కొట్టుకుని నవ్వాం. ఆ పిల్ల ఆపేసింది. నాది ఏడుపైపోయింది.

డబ్బు పోలేదు, ఏమీ పోలేదు. అయినా ఏదో పోయింది నాకు. నలభై రోజులు ఆయనకి సమాధి ఉండేది, గారాలపట్టీ. నేను దాని పక్కన కూర్చున్నాను. మామగారికి మట్టి తెచ్చేశాననుకున్నాను. ఆ దొంగ తొమ్మిది వందలు ముట్టుకోలేకపోయాడు గాని, మీ అన్నకిచ్చిన మాట పట్టుకు లాగాడు. వాడి చేతులు విరగ.

బయానా వాపసు ఇచ్చాను. బెయ్‌షెన్ ముఖం మాడ్చుకున్నాడు, కుర్రాళ్ళు మళ్ళీ కర్రలు దించారు. దించిన కర్రలు పెరట్లో పడి ఉంటే మూడు రోజులు వాటినే చూస్తూ కూర్చున్నాను. నాలుగో రోజు అనిపించింది. మనలో ఎవరు పోయినా ముందు గుడారం కడతాం. అందులో పడుకోబెట్టి, అందులోంచే సాగనంపుతాం. బిచ్చగాడికి కూడా ఊరివాళ్ళు కడతారు. తొంభై రెండేళ్ళుగా ఈ పిల్లాడికి ఎవరూ కట్టలేదు. మీ నాన్న బతికున్నాడనే అన్నాడు, గిన్నె పెట్టాడు గాని గుడారం కట్టలేదు. గొర్రె సంవత్సరంలో పుట్టినవాడికి ఇప్పుడు నూటొక్కటి. ఇంకా ఎంతకాలం మంచులో నిలబెడతాం?

కట్టాను. ఎసెన్, అయ్‌పెరి, చుట్టుపక్కల వాళ్ళంతా వచ్చారు. నమ్ముతావో లేదో, బెయ్‌షెన్ కూడా వచ్చి కర్రలు నిలబెట్టాడు. "అద్దెకైనా ఇస్తావా అక్కా?" అని ఒకసారి గొణిగాడు, నేను చూసిన చూపుకి ఊరుకున్నాడు. పైకప్పు చక్రం ఎత్తేటప్పుడు కింద నిలబడి దీవెన చదివింది నేనే. లోపల కుడివైపు, పోయినవాణ్ణి పడుకోబెట్టే చోట, పరుపు వేశాను. దాని మీద పెట్టడానికి ఏముంది? మీ అన్న టోపీ పెట్టాను. అది కూడా నల్లదే. ఒక గొర్రెను కోశాను, పిండిముక్కలు కోసి బోర్సోక్‌లు వేయించాను, ఊరంతా నూనె వాసన. నీ మోకాళ్ళు ఆపరేషన్ బల్ల మీద ఉన్నాయని ఎసెన్ చెప్పాడు, అందుకే నిన్ను పిలవలేదు. నీ వంతు ఏడుపు కూడా నేనే ఏడ్చాను.

ముల్లా గారు వచ్చి కూర్చున్నారు. చేతులు చాచి, "ఎవరి పేరు మీద చదవమంటారు?" అని అడిగారు.

మగవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మన ఇంటి మగాడు ఒక్కడూ మిగల్లేదు కదా. ఎవరికీ తెలియదు. ఎసెన్ మెల్లగా, "నల్లటోపీ..." అన్నాడు. ముల్లా గారు తల అడ్డంగా ఊపారు. "అది పేరు కాదు బాబూ. దేవుడి దగ్గరికి తల్లి పెట్టిన పేరుతోనే పంపాలి." మళ్ళీ అడిగారు.  ఏడ్చే ఆడవాళ్ళమంతా ఆనవాయితీగా గోడ వైపు తిరిగి కూర్చుని ఉన్నాం. తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. కోడల్ని.

మీ అమ్మ గుర్తొచ్చింది. చూడనివాడికి కూడా పేరు పెట్టిందే అని నవ్విన ముఖం గుర్తొచ్చింది. "మన్నించండి అత్తయ్యా" అని లోపల అనుకున్నాను. గోడ వైపు నుంచి ఇటు తిరిగాను. అందరూ నన్నే చూస్తున్నారు. చెప్పాను. గట్టిగా, చివర కూర్చున్నవాళ్ళకి కూడా వినపడేలా చెప్పాను. నా నోరు కాలిపోతుందనుకున్నాను. ఏమీ కాలేదు. ముల్లా గారు చదివారు. ఆయన చదువుతున్నంతసేపూ ఆ పేరు గుడారంలో తిరిగింది. తర్వాత అందరూ తిన్నారు. నేను ఒక గిన్నె ఎక్కువ పెట్టలేదు.

నీ పేరు మాత్రం ఇంకా నా నోట రాదు, ఆశపడకు. నువ్వు నాకు గారాలపట్టివే. గుడారం అలాగే ఉంచాను, నీ మోకాళ్ళు బాగుపడగానే రా. దూడ గోడను పొడుస్తూనే ఉంది.

నీ చేతికి ఇది అందాక, తలుపు వేసుకుని, నువ్వు కూడా ఒకసారి పైకి అను. ఇక ఎసెన్ చదివినా ఫరవాలేదు, దొంగలు చదివినా ఫరవాలేదు. మన దగ్గర దాచుకోవాల్సిందేమీ లేదు, ఆయన్ని సాగనంపేశాం. బైగజీ. మీ బాబాయి పేరు బైగజీ.

నీ వదిన,
సైరాకాన్